పాత ఫైబర్ బోటు కొనేముందు రంగు వెనక ఏం చూడాలి

మీరూ మీ బావగారూ కలిసి 29 అడుగుల పాత ఫైబర్ బోటు ఒకటి చూశామన్నారు. పన్నెండేళ్ల కిందట పోసింది, ఓడలరేవు దగ్గర ఒడ్డు మీద ఉంది, కొత్తగా రంగు వేశారు, చూడ్డానికి బాగుంది. "ఫైబర్‌కి ఏమవుద్దండీ, కుళ్లదు కదా" అంటున్నారట అమ్మేవాళ్లు. వేట నిషేధం అయిపోయేలోగా అడ్వాన్స్ ఇవ్వకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామంటున్నారు. తీసుకోవచ్చా, ఏం చూడాలి అని అడిగారు. నేను ఫైబర్ బోట్లు పోసే యార్డులో పని నేర్చుకుని, తర్వాత రిపేరు పనిలోకి వచ్చినవాణ్ణి. తెలిసినంతలో వివరంగా చెబుతాను.

ఫైబర్ కుళ్లదన్న మాట నిజమే. కానీ బోటులో ఉన్నదంతా ఫైబర్ కాదండి. ఇంజిను బిగించే వెనకపలక లోపల ప్లైవుడ్ ఉంటుంది. బోటు అడుగుభాగం ఊగకుండా వేసే ఫ్రేముల లోపల చాలా బోట్లకి చెక్కే ఉంటుంది. అడ్డపలకల కింద మూసిన గదుల్లో ఫోమ్ ఉంటుంది. వీటన్నిటి మీదా గ్లాసు మ్యాట్ (గాజు పోగుల పరుపు) పరిచి రెజిన్ (ఆరి గట్టిపడే జిగురు) పూసి మూసేస్తారు. ఒక బోల్టు కన్నం నుంచో, ఒక పగులు నుంచో నీళ్లు లోపలికి వెళ్లాయంటే ఇక బయటికి వచ్చే దారి ఉండదు. పైన ఫైబర్ నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల చెక్క నల్లబడి ముద్దయిపోతుంది. పాత చెక్క నావకైతే కుళ్లు కంటికి కనిపించేది, కోరంగి, తాళ్లరేవు వైపు వడ్రంగులు ఆ పలక ఒక్కటీ తీసి కొత్తది వేసేవాళ్లు. ఫైబర్ బోటు తన జబ్బుని బయటపెట్టదు. అందుకే మీరు చూడాల్సింది ఫైబర్‌ని కాదు, ఫైబర్ దాచిపెట్టిన చెక్కనీ ఫోమ్‌నీ.

చూడ్డానికి ఇదే మంచి సమయం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతా వేట నిషేధం కాబట్టి బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, ఎండకి పైపైన ఆరి ఉంటాయి. మీకు వచ్చిన తొందర కూడా ఈ నిషేధం వల్లే. జూన్ నడిమికి వర్షాలు మొదలైతే తడిసిన ఫైబర్‌ని ఆరబెట్టి రిపేరు చేయడం మన గాలి తేమలో దాదాపు కుదరదు. కాబట్టి చూసే పని ఈ వారంలోనే పెట్టుకోండి, కొనే పనికి మాత్రం తొందరపడకండి. నిషేధం రోజుల్లో అందరూ రంగులు వేసుకుంటారు, రంగు వేసినంత మాత్రాన ఏదో దాచారని అనుకోనక్కర్లేదు. అయితే ఒకటి రెండు చోట్ల గీకి చూసుకుంటామని ముందే అడగండి. బోటు మీద నమ్మకం ఉన్నవాళ్లు ఒప్పుకుంటారు. గీకడానికి ఒప్పుకోకపోతే ఆ బోటు అక్కడే వదిలేయండి.

పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడేటప్పుడు బోటు మొన దగ్గర నిలబడి, పక్కగోడ వెంట ఒక కన్ను మూసి వెనక్కి చూడండి. తిన్నగా పోవాల్సిన గోడలో ఎక్కడైనా గుంటగానో ఉబ్బుగానో, చదునుగా నొక్కినట్టో కనిపిస్తే అక్కడ ఒకప్పుడు దెబ్బ తగిలి అతుకు వేశారని అర్థం. నడి మధ్యాహ్నం ఇవేవీ కనబడవు. సుద్దముక్క ఒకటి పట్టుకెళ్లి, అనుమానం వచ్చిన ప్రతి చోటా గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు వెనకపలక సంగతి. ట్రాన్సమ్ అంటామే, అదే. నా మటుకు బోటు పరీక్షలో సగం అక్కడే అయిపోతుంది. లాంగ్‌టెయిల్ (పొడుగు షాఫ్ట్ ఉన్న ఇంజిను) అయినా ఔట్‌బోర్డ్ (వెనకపలకకి బయట తగిలించే ఇంజిను) అయినా ఇంజిను బరువూ, తోపూ, అదురూ అంతా ఆ పలకే మోయాలి. ఇంజిను మార్చినప్పుడల్లా కొత్త కన్నాలు పెడతారు, పాత కన్నాలకి పుట్టీ కుక్కి వదిలేస్తారు. ఆ పుట్టీ ఏడాదిలో వదులైపోతుంది. నీళ్లు ప్లైవుడ్ పొరల మధ్యకి పాకి కింద అంచున చేరతాయి. అక్కణ్ణుంచే కుళ్లు మొదలవుతుంది.

ముందు చిన్న సుత్తి గానీ అయిదు రూపాయల బిళ్ల గానీ తీసుకుని పలకంతా అంగుళం అంగుళం తట్టండి. గట్టిగా కొట్టొద్దు, వినడానికి తట్టాలి. గట్టి చోట టక్కుమని పొడిగా మోగుతుంది. పొరలు విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. చెక్క నాని ఉన్న చోట తడిసిన ధాన్యం బస్తా మీద తట్టినట్టు చప్పుడు చచ్చిపోతుంది. కింది అంచు, మూలలు, బోల్టుల చుట్టూ మరీ శ్రద్ధగా వినండి. అక్కడ ధ్వని మారితే సుద్దతో గీత గీసి, ఆ మచ్చ ఎంత మేర పాకిందో చూడండి. అరచెయ్యంత అయితే ఒక లెక్క, పలకలో మూడో వంతయితే పూర్తిగా వేరే లెక్క.

తర్వాత ఇంజిను మీద ఉండగానే దాని కాలు పట్టుకుని గట్టిగా పైకీ కిందకీ ఊపండి. మీ బావగారిని పక్కన కూర్చోబెట్టి, పలకా పక్కగోడా కలిసే మూలని చూడమనండి. పలక ఏమాత్రం కదిలినా, మూలలో సన్నటి గీత తెరుచుకుని మూసుకున్నా, లోపల చెక్క పోయినట్టే. ఇంకో పరీక్షకి అమ్మేవాళ్ల ఒప్పుదల కావాలి: లోపలి వైపు నుంచి, కింద భాగంలో ఒక బోల్టు విప్పించి కన్నంలోకి సన్నటి స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పండి. పొడి చెక్కపొట్టు వస్తే సంతోషం. గోధుమరంగు నీరు కారినా, మెత్తటి ముద్ద అంటుకొచ్చినా ఇంకేమీ అడగక్కర్లేదు. రిపేరుకి వచ్చిన పలకలు విప్పినప్పుడు లోపలి ప్లైవుడ్‌ని ఉట్టి చేత్తో తోడి తీసిన సందర్భాలున్నాయి. ఆ బోట్లు ముందురోజు వరకూ వేటకి వెళ్లొచ్చినవే. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర అల మీద ఇంజిను పలకతో సహా ఊడిపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

వెనకపలక కుళ్లితే బోటు పనికిరాదని కాదు. లోపలి పొర కోసి, పాత చెక్కంతా తీసి, కొత్త మెరైన్ ప్లైవుడ్ పెట్టి, మ్యాటూ రోవింగూ (గాజు పోగుల నేతగుడ్డ) వేసి మళ్లీ కట్టొచ్చు. అది పెద్ద పని, ఖర్చు కూడా పెద్దదే. బేరం ఆడేముందే స్థానికంగా ఫైబర్ పని చేసేవాళ్లని తీసుకెళ్లి అంచనా కట్టించుకోండి.

బోటు లోపలికి ఎక్కాక అడుగున వేసిన పలకలన్నీ తీయించండి. అడుగుకి అడ్డంగా, పొడుగునా ఉన్న ఫ్రేములు, అవి అడుగుతో కలిసే చోట వేసిన మ్యాట్ పట్టీలు కనిపిస్తాయి. అడుగుభాగం అచ్చులో పోశాక, అది గట్టిపడిన తర్వాత ఫ్రేములు విడిగా పెట్టి అతుకుతారు. కాబట్టి ఆ అతుకు ఎప్పుడూ బోటులో మిగతా చోట్లంత బలంగా ఉండదు. బోటు అల మీద పడ్డ ప్రతిసారీ ఆ పట్టీ లాగబడుతుంది. పట్టీ అంచు వెంట గోరుతో లాగి చూడండి. గోరు దూరిందంటే విడిపోవడం మొదలైందన్నమాట. రంగు వేయని చోట ఫైబర్ తెల్లగా పాలిపోయినట్టు కనిపిస్తే, అక్కడ లోపలి గ్లాసు రెజిన్‌ని వదిలేసిందని గుర్తు. ఒకటి రెండు చోట్ల విడిపోతే రుద్ది మళ్లీ మ్యాట్ వేయొచ్చు. వరసగా అన్ని ఫ్రేములూ వదులైతే ఆ అడుగు ఇన్నేళ్లూ ఊగుతూనే ఉందన్నమాట. ఊగి ఊగి అలిసిన ఫైబర్‌కి పైన ఎన్ని పొరలు వేసినా మొదటి బలం రాదు.

ఊగుతోందో లేదో తెలుసుకోవడం తేలికే. బోటు దుంగల మీద ఉన్నప్పుడు ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య మడమతో గట్టిగా అదమండి, ఇంకొకరు కింద నుంచి అరచెయ్యి ఆనించి చూడాలి. అరచేతికి కదలిక తెలిసిందంటే మందం సరిపోలేదు, లేదా పొరలు విడిపోయాయి. నీళ్లు తీసేసే బిరడా కన్నం ఉంటుంది కదా, దానిలో వేలు పెట్టి అంచు తడిమితే అక్కడ ఫైబర్ మందం ఎంతో, పొరలు గట్టిగా ఉన్నాయో పేలికల్లా విడిపోయాయో తెలుస్తుంది.

ఫోమ్ గురించి ఎవరూ అడగరు, నాకు ఎక్కువ బెంగ దాని గురించే. అడ్డపలకల కిందా, మొనలోనూ మూసిన గదులు ఎందుకంటే బోటు నీళ్లతో నిండినా మునక్కుండా తేలుతుందని. మనుషులు దాన్ని పట్టుకుని బతకాలని పెట్టిన గదులవి. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమ తీరానికి ఏం చేసిందో మన ఇళ్లల్లో ఇంకా చెప్పుకుంటూనే ఉన్నాం. అలాంటి గదిలో గాలికి బదులు తడిసిన ఫోమ్ ఉంటే ఆ బోటు తేలాల్సినంత తేలదు, పైగా ప్రతిరోజూ మోయక్కర్లేని బరువు మోస్తూ డీజిలో పెట్రోలో తాగుతుంది. ఫోమ్ ఒకసారి నానితే ఎండలో ఏళ్లు పెట్టినా ఆరదు, తీసి పారేయాల్సిందే.

దీన్ని కనిపెట్టాలంటే గది గోడ కింద మూలన, లోపలి వైపు, సన్నటి డ్రిల్ కన్నం ఒకటి వేయించండి. నీళ్లు కారితే సంగతి తేలినట్టే. కారకపోతే ఆ కన్నాన్ని రెజిన్‌తో అప్పుడే మూసేయొచ్చు, బోటుకి నష్టమేమీ లేదు. కన్నం వద్దంటే, ఆ బోటుని ఒడ్డు మీదికి లాగే కుర్రాళ్లని పక్కకి పిలిచి అడగండి, "ఇదివరకటి కన్నా బరువెక్కిందా?" అని. అదే అచ్చులో పోసిన ఇంకో బోటు పక్కన తేలుతూ ఉంటే, రెండూ ఖాళీగా ఉన్నప్పుడు నీటిగీత ఎక్కడుందో పోల్చి చూడండి. కొందరు తేమ చూసే మీటర్లు తెస్తారు. ఉప్పు పట్టిన ఫైబర్ మీద ఆ మీటరు లేని తేమని కూడా చూపిస్తుంది, దాని ఒక్క మాట మీద నిర్ణయం తీసుకోవద్దు.

ఇంక బయట అడుగు. 1980లలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్.ఏ.ఓ.) వారి బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ మన తూర్పు తీరంలో ఒడ్డు మీదికి లాగే బోట్ల నమూనాలు చేసి చూసింది. రేవు లేని చోట ఇసుక మీదే దిగాలి, ఇసుక మీద నుంచే ఎక్కాలి, అందుకని. మన బోట్లన్నీ ఆ బతుకే బతుకుతాయి. అంతర్వేది దగ్గర వశిష్ఠ మొగలోనూ, ఓడలరేవు దగ్గర వైనతేయ మొగలోనూ, భైరవపాలెం దగ్గర గౌతమి మొగలోనూ ఇసుకమేటలు చోటు మారుతూ ఉంటాయి. నీరు తీసే పాటు సమయంలో అడుగు రాసుకోని బోటంటూ ఉండదు. కాబట్టి కీల్, అంటే అడుగు మధ్యన మొన నుంచి వెనక దాకా ఉండే గట్టు, అరిగి ఉందంటే ఆశ్చర్యం లేదు, చూడాల్సింది ఎంత లోతుకి అరిగిందన్నది. జెల్‌కోట్, అంటే పైన ఉండే నున్నటి పొర, మాత్రమే పోతే ఫరవాలేదు. గ్లాసు పోగులు కనిపిస్తున్నాయంటే వాటి వెంట నీరు లోపలికి పాకుతుంది. కీల్ లోపల చెక్క పెట్టి ఉండి, అది బయటపడిందంటే ఉప్పునీటి పురుగు తొలిచేస్తుంది. పైన సూదిమొనంత కన్నమే ఉంటుంది, లోపల సొరంగాలు. కీల్ కింద చెయ్యి పోనిచ్చి మొన నుంచి వెనక దాకా తడమండి. బోటు ఇసుకలో కూరుకుని ఉంటే తవ్వించండి, అటు పక్కకి ఒరిగించి ఇటు పక్క కూడా చూడండి. ఈ పనికి బద్ధకించి మోసపోయినవాళ్లు చాలామంది.

అడుగున శనగగింజల్లాంటి బొబ్బలు ఉంటే కంగారు పడకండి. జెల్‌కోట్ గుండా నీరు లోపలికి ఇంకి, సరిగా ఉడకని రెజిన్‌తో కలిసి ఉబ్బినవి అవి. ఒకటి చిదిపితే పుల్లటి వాసనతో నీరు చిమ్ముతుంది, కళ్లజోడు పెట్టుకుని చిదపండి. ఏడాదంతా కాలవలోనే కట్టి ఉంచే బోట్లకి ఇవి ఎక్కువ, ఒడ్డుకి లాగేవాటికి తక్కువ. పదీ పాతికా ఉంటే గీకి, ఆరబెట్టి పూడ్చొచ్చు. అడుగంతా ఉంటే మాత్రం రెజిన్ పనే నాసిగా జరిగిందని అనుమానించాలి. పగుళ్ల విషయానికొస్తే, సాలెగూడులా ఒక చోట నుంచి చుట్టూ పాకితే అక్కడేదో తగిలింది, ఒకదాని పక్క ఒకటి సమాంతరంగా ఉంటే అక్కడ గోడ వంగుతోంది. మొదటిది చాలాసార్లు జెల్‌కోట్ వరకే. రెండోది చూస్తే లోపలి వైపుకి వెళ్లి అక్కడి ఫ్రేము చూడాలి.

పాత అతుకులు మంచివో కాదో తెలుసుకోవడానికి ఒక సులువుంది. మంచి పనివాడు పగిలిన చోట చుట్టూ వెడల్పుగా, ఏటవాలుగా రుద్దుతాడు, మందానికి పన్నెండు రెట్లు వెడల్పు ఉండాలి. మూడు మిల్లీమీటర్ల మందానికి దాదాపు అంగుళంన్నర. అలా చేస్తేనే కొత్త పొర పాతదాన్ని పట్టుకుంటుంది. రంగు మీదే మ్యాట్ అతికించినా, కార్లకి వాడే పుట్టీ కూరినా, బయటికి నున్నగానే ఉంటుంది. అందుకే బయట అతుకు ఉన్న ప్రతి చోటికీ లోపలి వైపు వెళ్లి చూడండి. లోపల కూడా అతుకు ఉంటే దెబ్బ ఆరపార తగిలిందన్నమాట, అది ఎలా తగిలిందో అడగండి. చెప్పే తీరులోనే చాలా తెలుస్తుంది.

ఇవన్నీ బాగుంటే బోటుని నీళ్లలో దించమనండి. సాయంత్రం లోపలంతా తుడిచి పొడిగా పెట్టి, రాత్రంతా కట్టి ఉంచి, పొద్దున్నే వెళ్లండి. అడుగున నీరు చేరి ఉంటే వేలు ముంచి నాలుకకి రాసుకోండి. ఉప్పగా ఉంటే కింద నుంచి వచ్చింది, చప్పగా ఉంటే వాన నీరో మంచు నీరో. నది నీరు తియ్యగా ఉండే రోజుల్లో ఈ ఉపాయం పనిచేయదు, ఎండాకాలం పోటు నీటిలో మాత్రం బాగా తెలుస్తుంది.

ఇంజిను గురించి క్లుప్తంగానే చెబుతాను, మీకు తెలిసిన మెకానిక్ నాకన్నా బాగా చెప్పగలడు. మీరు వెళ్లేసరికి ఇంజిను చల్లగా ఉండాలి, చెయ్యి పెట్టి చూడండి. ముందే వేడి చేసి పెట్టారంటే చల్లగా స్టార్ట్ అవ్వదేమో అడగాలి. ఔట్‌బోర్డ్ అయితే చల్లబరిచే నీరు సన్నగా ఆగకుండా చిమ్మాలి, గేర్ ఆయిల్ పాలలా తెల్లబడితే సీలు పోయి నీరు చేరింది. కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) కొలిచి చూపిస్తే సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటకూడదు. లాంగ్‌టెయిల్ అయితే షాఫ్ట్ వంపూ, బుష్‌ల అరుగుదలా చూడండి. ఏదైనా సరే, మనుషుల్ని ఎక్కించి పాటుకి ఎదురుగా అరగంట నడపండి. నడుస్తుండగా ఒకరు వెనకపలక మూలల్నే చూస్తూ ఉండాలి.

నేనైతే ఇలా తేలుస్తాను. రంగు, జెల్‌కోట్, సాలెగూడు పగుళ్లు, పైపైన కీల్ అరుగుదల, అంచుల వెంట వల రాసుకున్న గాడులు, వీటికి బోటు వదులుకోను. వెనకపలక ఒక్కటే పోయి, అడుగు గట్టిగా ఉంటే, రిపేరు ఖర్చు ధరలోంచి తగ్గించి తీసుకుంటాను. అడుగు ఊగుతున్నా, ఫ్రేములు వరసగా విడిపోయినా, ఫోమ్ నిండా నీరున్నా, బోటు మెలిపడినట్టున్నా, ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోను. మీది ఇద్దరి డబ్బు, బోటెక్కేది నలుగురైదుగురు. తక్కువ ధర చూసి మెత్తబడొద్దండి.

కాగితాల దగ్గర ఒక మాట. చేపల బోటుకి మర్చెంట్ షిప్పింగ్ చట్టం కింద రిజిస్ట్రేషన్, రాష్ట్రం 1994 సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద లైసెన్సు, రెండూ ఉండాలి. రిజిస్ట్రేషన్ వివరాలు రియల్‌క్రాఫ్ట్ అనే చేపల బోట్ల రిజిస్ట్రేషన్ వెబ్‌సైటులో ఉంటాయి. మొన మీద రాసిన నంబరూ, కాగితం మీది నంబరూ, పొడుగూ వెడల్పూ టేపు పెట్టి కొలిచి సరిచూడండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోకముందు కాగితాల్లో తూర్పు గోదావరి అని ఉంటుంది, ఇప్పుడు ఓడలరేవు కోనసీమ జిల్లాలో ఉంది కాబట్టి పేరు మార్పిడి ఏ ఆఫీసులో చేయాలో మత్స్యశాఖలో ముందే కనుక్కోండి. నంబరు ఐఎన్‌డీ-ఏపీ కాకుండా ఐఎన్‌డీ-పీవై అని మొదలైతే అది పుదుచ్చేరి రిజిస్ట్రేషన్, మన దగ్గరైతే బహుశా యానాం బోటు, రాష్ట్రం మారే పని కూడా తోడవుతుంది. బోటు మీద బ్యాంకు అప్పు గానీ, సొసైటీ బాకీ గానీ లేదని రాయించుకోండి. పేరు మారేదాకా డీజిల్ రాయితీ పాత యజమాని పేరు మీదే ఉంటుంది, కాబట్టి మొత్తం డబ్బు ఒక్కసారి ఇవ్వకుండా కొంత పేరు మారాక ఇస్తామని ఒప్పందంలో పెట్టండి. అడ్వాన్స్ రసీదులో బోటు నంబరుతో పాటు ఇంజిను నంబరు కూడా రాయించండి. మీరు నడిపి చూసిన ఇంజినే మీకు రావాలి కదా.